అన్నీ ఒకేసారి మారినప్పుడు నేను ముందుగా దించుకున్నవి

కిందటేడు నా జీవితంలో నాలుగు మార్పులు ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి. మా అమ్మాయి చదువు కోసం వేరే ఊరు వెళ్ళింది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన అమ్మ మా ఇంటికి వచ్చేసింది. ఆఫీసులో జీతాల విభాగం మొత్తం నా చేతికి వచ్చింది. వీటన్నిటి మధ్యలో నా నెలసరి లెక్క తప్పడం మొదలైంది. నాకు నలభై ఏడేళ్ళు. ఇందులో ఏదీ చెడ్డదని అనలేను. ప్రమోషన్ నేను కోరుకున్నదే. అమ్మ నా కళ్ళ ముందు ఉండటం నాకు ఇష్టమే. అయినా రాత్రి మూడింటికి మెలకువ వచ్చేది. గుండె దడదడలాడుతుంటే, మర్నాడు చేయాల్సినవన్నీ వరసపెట్టి గుర్తుచేసుకుంటూ తెల్లారేదాకా అలాగే పడుకునేదాన్ని.

"నీ గురించి కూడా కాస్త చూసుకోవే" అని అందరూ ప్రేమగానే చెప్పారు. పొద్దున్నే గంట ముందు లేవమన్నారు, ధ్యానం చెయ్యమన్నారు, డైరీ రాయమన్నారు, నడకకి వెళ్ళమన్నారు. అన్నీ మంచివే. కానీ ప్రతి సలహా నా లిస్టులో ఇంకో పనిగా చేరేది. ఇలాంటి మార్పుల మధ్యలో ఉన్న ఆడవాళ్ళకి ముందు కావలసింది కొత్త అలవాటు కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. బుర్రలో మోస్తున్నవాటిలో కొన్నిటిని పూర్తిగా వేరేవాళ్ళకి ఇచ్చేసి, మళ్ళీ వెనక్కి లాక్కోకుండా ఉండాలి. నిద్ర, వ్యాయామం, కొత్తగా ఏదైనా నేర్చుకోవడం నాకు ఆ తర్వాతే కుదిరాయి.

మంచి మార్పులు కూడా ఎందుకు అంత అలసట తెస్తాయో అర్థం కావడానికి నాకు ఒక పాత జాబితా పనికొచ్చింది. 1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు అమెరికన్ సైకియాట్రిస్టులు జీవితంలో వచ్చే 43 మార్పులకి మార్కులు వేశారు. జీవిత భాగస్వామి పోవడానికి 100, విడాకులకి 73. అవి ఎవరైనా ఊహించగలిగేవే. నా కళ్ళు ఆగింది మంచివాటి దగ్గర. పెళ్ళికి 50 మార్కులున్నాయి. సెలవుల్లో సరదాగా తిరిగి రావడానికి కూడా 13 ఉన్నాయి. మార్పు మంచిదా చెడ్డదా అని కాదు, దానికి అలవాటు పడటానికి మనిషి ఎంత సర్దుకోవాలి అన్నదే వాళ్ళ లెక్క. నావి వెతుక్కున్నాను. ఇంట్లోవాళ్ళ ఆరోగ్యంలో మార్పు 44, ఇంట్లోకి కొత్త మనిషి రావడం 39, పిల్లలు ఇల్లు వదిలి వెళ్ళడం 29, ఉద్యోగ బాధ్యతలు మారడం 29, నిద్ర మారడం 16. మొత్తం 157. ఆ లెక్క ప్రకారం 150 దాటితే జబ్బుపడే అవకాశం ఓ మోస్తరుగా, 300 దాటితే బాగా పెరుగుతుంది. పాత జాబితా అది. ఒకే సంఘటన అందరికీ ఒకే బరువు కాదు కాబట్టి దాన్ని జాతకంలా చదవకూడదు. అయినా "నాకేం కష్టం వచ్చిందని ఇంత నీరసం" అని నన్ను నేను అడుక్కోవడం ఆ రోజుతో ఆగిపోయింది.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం, అమ్మ పడుకున్నాక, ఒక కాగితం తీసుకుని కూర్చున్నాను. నేను చేసే పనులు కాదు, నేను గుర్తుపెట్టుకుంటున్నవి రాశాను. అమ్మ బీపీ మాత్రలు ఎప్పుడు అయిపోతాయి. ఎముకల డాక్టర్ దగ్గరికి మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలి, ఏ ఎక్స్‌రే తీసుకెళ్ళాలి. స్నానాల గదిలో అమ్మ పట్టుకునే కమ్మీ వదులైంది, బిగించే మనిషికి ఫోన్ చేయాలి. అమ్మాయి హాస్టల్ ఫీజు గడువు. అమ్మాయి ఫోన్‌లో ముక్తసరిగా మాట్లాడుతోంది, ఎందుకో కనుక్కోవాలి. మా ఆయన కళ్ళ పరీక్ష. రేపు రాత్రి ఏం వండాలి, అందుకు ఇంట్లో ఏమున్నాయి. టీమ్‌లో ఒకమ్మాయి ప్రసూతి సెలవు మీద వెళ్తోంది, ఆమె పని ఎవరు చూస్తారు. రాస్తూ పోతే కాగితం వెనక్కి తిప్పాల్సి వచ్చింది.

చేతులతో చేసే పని మా ఇంట్లో చాలావరకు పంచుకున్నదే. మా ఆయన సరుకులు తెస్తారు, గిన్నెలు తోముతారు, అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్తారు. ఎవరైనా చూస్తే అదృష్టవంతురాలివి అంటారు. కానీ ఆ కాగితం మీద ఉన్న గుర్తుపెట్టుకునే పని దాదాపు అంతా నాదే.

ఈ కనిపించని పని మీద 2019లో అలిసన్ డామింజర్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలో 35 జంటలతో మాట్లాడి ఒక పరిశోధన ప్రచురించారు. ఇంటికి సంబంధించిన ఆలోచనని ఆమె నాలుగు భాగాలుగా విడదీశారు. అవసరం రాకముందే పసిగట్టడం, ఏమేం దారులున్నాయో వెతకడం, ఏదో ఒకటి నిర్ణయించడం, అది జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండటం. నిర్ణయించేటప్పుడు భార్యాభర్తలు ఇద్దరూ కలిసే ఉంటున్నారు. మొదటి భాగం, చివరి భాగం మాత్రం ఎక్కువగా ఆడవాళ్ళ మీద పడుతున్నాయి. "ఏం కావాలో చెప్పు, చేస్తాను" అనే మంచి భర్త ఉన్న ఇంట్లో కూడా భార్య ఎందుకు అలిసిపోతుందో నాకు ఇక్కడ తెలిసింది. ఆ చెప్పడమే అసలు పని.

కాబట్టి ఏది ఇచ్చినా నాలుగు భాగాలతో కలిపి ఇవ్వాలనుకున్నాను. మొదట రాత్రి వంట.

"రాత్రి వంట మీరు తీసుకోండి" అన్నాను మా ఆయనతో.

"సరే, ఏం చేయాలో పొద్దున చెప్పేసెయ్."

"అది కూడా మీదేనండి. ఏం వండాలి, సరుకులున్నాయా లేవా, అమ్మకి ఉప్పు ఎంత వేయాలి, మొత్తం మీరే. నేను ఇంటికొచ్చి తింటాను."

ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఆదివారాలు నాకు సెలవు" అన్నారు. న్యాయమైన బేరం, ఒప్పుకున్నాను.

తర్వాత వచ్చిన కష్టం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఇచ్చేశాక ఊరుకోవడం చాలా కష్టం. ఒక రోజు ఇంట్లో సరుకులు ఏమీ లేవని సాయంత్రం ఐదింటికి ఆఫీసులో కూర్చునే నాకు తెలుసు. ఫోన్ చేతిలోనే ఉంది. ఒక్క మెసేజ్ పెడితే సరిపోతుంది. ఆ మెసేజ్ పెడితే కనిపెట్టుకుని ఉండే పని మళ్ళీ నా దగ్గరికే వస్తుందని కూడా తెలుసు. పెట్టలేదు. ఆ రాత్రి భోజనం ఆలస్యమైంది, అమ్మ రెండుసార్లు గోడ గడియారం వంక చూసింది, ఆయన బయటికి పరిగెత్తి ఏదో తెచ్చారు. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. మర్నాడు ఫ్రిజ్ తలుపు మీద ఆయన చేతిరాతతో ఒక జాబితా కనిపించింది. వంట నిజంగా ఆయన చేతికి వెళ్ళింది ఆ రోజే. ఆ మెసేజ్ పెట్టి ఉంటే ఇవాళ్టికీ నేనే పెడుతూ ఉండేదాన్ని.

తమ్ముడు వేరే దేశంలో ఉంటాడు. "అక్కా, ఇంత దూరం నుంచి నేనేం చేయగలను చెప్పు" అన్నాడు, నిజమైన బాధతోనే. వారానికోసారి ఫోన్ చేసి "ఎలా ఉన్నావక్కా" అని అడగడమే తన వంతు సాయం అనుకుంటున్నాడు. దూరం నుంచి చేయగలిగేవి చాలా ఉన్నాయని చెప్పాను. డాక్టర్ అపాయింట్‌మెంట్లు, మందులు అయిపోకముందే తెప్పించడం, ఇన్సూరెన్స్ కాగితాలు, రిపోర్టులు ఒకచోట పెట్టడం. ఇవన్నీ ఫోనూ కంప్యూటరూ ఉంటే ఎక్కడి నుంచైనా అయ్యేవే. తీసుకున్నాడు. నాకన్నా బాగా చేస్తున్నాడు. రిపోర్టులన్నీ తేదీల వారీగా సర్దుతూ ఒక ప్రశ్న పట్టుకున్నాడు. "విరిగిన ఎముకకి ఆపరేషన్ చేశారు సరే, అసలు ఎముక గుల్లబారినందుకు మందు ఏదక్కా?" నిలబడ్డ ఎత్తు నుంచి పడితేనే తుంటి విరిగిందంటే ఎముకలు అప్పటికే బలహీనపడ్డాయని అర్థం. ఆపరేషన్ హడావిడిలో దానికి వైద్యం మొదలుపెట్టకుండా వదిలేయడం చాలా చోట్ల జరుగుతుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి అలా ఎముక విరిగి ఉంటే ఈ ప్రశ్న తప్పకుండా అడగండి. అమ్మకి ఇప్పుడు ఆ చికిత్స జరుగుతోంది.

అమ్మ మాత్రల సంగతి ఇంకా బాగుంది. మూడు పూటలా నేనే తీసి చేతిలో పెట్టేదాన్ని. ఈ పని ఎవరికిద్దామా అని మా ఆయనతో మాట్లాడుతుంటే అమ్మ పక్క గదిలోంచి విని, "నన్నెవరైనా అడిగారా? కాలు విరిగింది కానీ నా బుర్ర విరగలేదు" అంది. వారానికి సరిపడా గళ్ళున్న మాత్రల డబ్బా ఒకటి తెచ్చాం. ఆదివారం కళ్ళద్దాలు పెట్టుకుని, చీటీ ముందు పెట్టుకుని, ఒక్కో మాత్రనీ వెలుతురులోకి పట్టి చూసి, గడిలో వేసి, మూత టక్కుమని మూసి, అప్పుడు రెండోదానికి వెళ్తుంది. తనకి చేసే పనుల్లో తను చేసుకోగలిగేవి ఏవో అమ్మకే తెలుసు. డబ్బా చేతికొచ్చిన వారం నుంచి వాకర్ పట్టుకుని నడవడం కూడా పెరిగింది. రెండిటికీ సంబంధం ఉందో లేదో గానీ నాకు మాత్రం ఉందనిపిస్తుంది.

ఇవ్వడానికి మనుషులు లేనివాళ్ళ సంగతేమిటి అని మీరు అడగొచ్చు. మా ఆఫీసులో ఒకామె విడాకుల తర్వాత ఇద్దరు పిల్లల్ని ఒంటరిగా పెంచుతోంది. నా కాగితం సంగతి చెబితే, "నా కాగితం మీద అన్నిటి పక్కనా నా పేరే ఉంటుందండీ" అంది. ఆమె చేసింది రెండు పనులు. పిల్లల స్కూల్లో ఇంకో తల్లితో మాట్లాడుకుని, ఒక వారం ఆమె, ఒక వారం ఈమె నలుగురు పిల్లల్నీ దింపి తీసుకొస్తున్నారు. రెండోది, కొన్ని పనుల్ని అసలు మానేసింది. ఇస్త్రీ మానేసింది. కుటుంబ గ్రూపుల్లో ప్రతి శుభాకాంక్షకీ ఆ రోజే జవాబివ్వడం మానేసింది. ఎవరికీ ఇవ్వకుండా, ఎవరికీ చెప్పకుండా మానేయగలిగేవి మన లిస్టులో మనం అనుకున్నదానికన్నా ఎక్కువే ఉంటాయి. ఒంటరి తల్లులకి ఇది నిజంగా కష్టం. మనసు మార్చుకుంటే సరిపోతుందని నేను అనను, వాళ్ళకి కావలసింది మనుషులు. చుట్టుపక్కల అలాంటివాళ్ళుంటే "ఏమైనా కావాలంటే చెప్పు" అనకండి. "బుధవారాలు పిల్లల్ని నేను తీసుకొస్తాను" అనండి.

ఇక శరీరం.

రాత్రి మూడింటి మెలకువని నేను టెన్షన్ అనుకున్నాను. కొంత టెన్షనే. కానీ ఛాతీలోంచి ఒక వేడి మెడ మీదుగా ముఖానికి ఎక్కడం, జుట్టు కుదుళ్ళు తడవడం, కాసేపటికి చలేసి దుప్పటి వెతుక్కోవడం టెన్షన్ ఒక్కదాని వల్లే రావు. గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చెప్పింది ఇది. నెలసరి సహజంగా ఆగిపోవడం చాలామందిలో 45 నుంచి 55 ఏళ్ళ మధ్య జరుగుతుంది. వరసగా 12 నెలలు రాకపోతే అప్పుడు ఆగిపోయినట్టు లెక్క. దానికి ముందు ఈ తికమక దశ కొన్నేళ్ళు నడుస్తుంది. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఎగుడుదిగుడుగా ఉండటంతో, ఒంటి వేడిని అదుపులో పెట్టే మెదడు భాగం చిన్న తేడాకే ఎక్కువగా స్పందిస్తుంది. అందుకే ఆ ఆవిర్లు. అమెరికాలో వేలమంది స్త్రీలని ఏళ్ళ తరబడి గమనించిన పరిశోధన ఒకటి ఉంది. 2015లో వచ్చిన దాని ఫలితాల్లో, తరచుగా ఆవిర్లు వచ్చేవాళ్ళలో సగంమందికి అవి 7.4 ఏళ్ళకి పైగానే ఉన్నాయి. ఏదో నాలుగు నెలలు ఓర్చుకుంటే పోతుందిలే అనుకోవడానికి లేదు. వైద్యం అడగడానికి మొహమాటపడాల్సిన పనీ లేదు.

నలభై ఐదు దాటినవాళ్ళకి ఈ దశ నిర్ధారణకి హార్మోన్ల రక్తపరీక్ష సాధారణంగా అక్కర్లేదని, ఆ అంకెలు రోజురోజుకీ మారిపోతాయని ఆవిడ చెప్పారు. బదులుగా థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఐరన్ చూపించమన్నారు. థైరాయిడ్ తేడాగా ఉన్నా ఇలాగే నీరసం, చెమటలు, గుండెదడ ఉంటాయి. రక్తస్రావం ఎక్కువైనవాళ్ళకి రక్తం తగ్గిపోతుంది. నాకు థైరాయిడ్ బాగానే ఉంది, ఐరన్ బాగా తక్కువ. మెట్లెక్కితే ఆయాసం రావడాన్ని నేను వయసు ఖాతాలో వేసుకుంటూ వచ్చాను. ఐరన్ మందులు వాడాక ఆ ఆయాసం పోయింది. మందుతో పోయే అలసటని ధ్యానంతో పోగొట్టుకోవాలని కూర్చుంటే ఎన్నాళ్ళకి పోతుంది? స్వీయ సంరక్షణ గురించి ఎవరైనా అడిగితే నేను ముందు రక్తపరీక్ష గురించే చెబుతాను.

ఈ ఆవిర్లకి ఇచ్చే హార్మోన్ మందుల గురించి ఆడవాళ్ళలో చాలా భయం ఉంది. 2002లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధనలో రొమ్ము క్యాన్సర్, గుండెజబ్బు, పక్షవాతం ముప్పు పెరిగినట్టు కనిపించడంతో ఆ మందుల మీద జరుగుతున్న ఒక భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. భయం అక్కడి నుంచి వచ్చింది. అందులో పాల్గొన్నవాళ్ళ సగటు వయసు 63. తర్వాత వయసుల వారీగా చూస్తే, 60 ఏళ్ళ లోపు ఉన్నవాళ్ళకి, నెలసరి ఆగి పదేళ్ళు దాటని ఆరోగ్యవంతులకి, ఆవిర్ల బాధ ఎక్కువగా ఉంటే చాలామందిలో లాభమే ఎక్కువని ఇప్పుడు నిపుణులు అంటున్నారు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళకి, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్ళకి లెక్క వేరు. హార్మోన్ లేని మందులూ ఉన్నాయి. నేను ఏది వాడుతున్నానో ఇక్కడ రాయను. అది నా శరీరాన్నీ మా ఇంటి ఆరోగ్య చరిత్రనీ చూసి ఇచ్చింది. మీది మీ డాక్టర్‌తో కూర్చుని మాట్లాడండి. ఒక్కటి మాత్రం మర్చిపోకండి. ఏడాది పాటు నెలసరి ఆగిపోయాక మళ్ళీ రక్తం కనిపిస్తే, అది కొంచెమే అయినా, వెంటనే చూపించుకోవాలి.

నిద్ర కోసం మాత్రల కంటే ముందు ప్రయత్నించాల్సింది నిద్రకి సంబంధించిన ప్రవర్తనా చికిత్స అని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. దాన్ని నేర్పే థెరపిస్టులు ఉంటారు. అందులో ఇంట్లో పాటించగలిగేవి కొన్ని నేను పట్టుకున్నాను. ఎప్పుడు పడుకున్నా ఒకే టైముకి లేవడం, సెలవు రోజైనా సరే. మంచం మీద ఫోనూ ఆఫీసు పనీ లేకపోవడం. మెలకువ వచ్చి చాలాసేపు నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లకుండా లేచి వచ్చేయడం. గడియారం ముఖం గోడకి తిప్పేశాను, ఎంత సమయం పోయిందో లెక్కపెట్టడం ఆగింది. హాల్లో ఒక కుర్చీ, ఒక మసక దీపం. కళ్ళు మూతలు పడ్డాకే మంచం దగ్గరికి. మొదట్లో ఇంకా ఎక్కువ నీరసంగా ఉంది. తర్వాత గాడిలో పడింది. కాఫీ ఒంట్లోంచి సగం దిగడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది కాబట్టి మధ్యాహ్నం తర్వాత మానేశాను. అయినా, ఆ కాగితం మీద ఉన్నవి ఇంకా నా బుర్రలోనే ఉండి ఉంటే ఈ చిట్కాలన్నీ పనిచేసేవి కావు. కుర్చీలో కూర్చున్నప్పుడు లెక్కపెట్టుకోవడానికి ఇప్పుడు అన్ని లేవు.

అమ్మకి తుంటి విరిగిందంటే నాకూ ముప్పు కొంత ఎక్కువేనట. నెలసరి ఆగాక మొదటి కొన్నేళ్ళు ఎముక వేగంగా తరుగుతుంది. డాక్టర్ ఎముకల సాంద్రత స్కాన్ రాసిచ్చారు, కండరాలకి పని చెప్పమన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు శారీరక శ్రమతోపాటు, రెండు రోజులు కండరాలు బలపడే వ్యాయామం కూడా ఉంది. ఆ రెండోదాన్ని మనం పట్టించుకోం. నాకు దారి అమ్మే చూపించింది. ఫిజియోథెరపిస్టు వచ్చి అమ్మ చేత కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం చేయిస్తుంటే, పక్కన ఇంకో కుర్చీ వేసుకుని నేనూ మొదలుపెట్టాను. ఆయన ఇద్దరికీ కలిపే లెక్కపెడతారు. అమ్మ ఆగిపోతే నేను ఆగుతాను, నేను ఆగిపోతే అమ్మ "ఇంకొక్కటి లేవవే" అంటుంది. ఇప్పుడు రెండు చేతుల్లో చెరో నీళ్ళ బాటిల్ పట్టుకుని చేస్తున్నాను.

మధ్యలో పోయిన రోజులు చాలానే ఉన్నాయి. ముఖ్యంగా నెలాఖరు వారం, జీతాలు పంపేదాకా నాకు వేరే ప్రపంచం ఉండదు. అలవాట్ల మీద లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం చేసిన పరిశోధన ఒకటుంది, 2010లో అచ్చయింది. ఒక పని ఆలోచించకుండా చేసే అలవాటుగా మారడానికి సగంమందికి 66 రోజుల లోపు, మిగతా సగంమందికి అంతకన్నా ఎక్కువ పట్టింది, కానీ మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా తేడా ఉంది. మధ్యలో ఒక రోజు పోతే పెద్దగా నష్టం లేదని కూడా వాళ్ళు గమనించారు. ఇన్ని రోజుల్లో మారిపోండి అంటూ గడువులు పెట్టే సవాళ్ళు మార్పుల మధ్య ఉన్నవాళ్ళకి అస్సలు పనికిరావు. పిల్లకి జ్వరం వస్తుంది, ఆఫీసులో ఆడిట్ పడుతుంది. ఆ రోజు పోతుంది. మర్నాడు మళ్ళీ కుర్చీ వేసుకోవడమే.

ఎదుగుదల అన్న మాట నాకు చాలాకాలం ఆఫీసు మాటగానే ఉండేది. ఇంకో సర్టిఫికెట్, ఇంకో హోదా. రాత్రి వంట చేతిలోంచి వెళ్ళాక వారంలో రెండు సాయంత్రాలు మిగిలాయి. ఆ టైములో ఈత నేర్చుకుంటున్నాను. చిన్నప్పటి నుంచి నీళ్ళంటే భయం. నేర్పే అమ్మాయి నా కూతురికన్నా ఓ ఐదేళ్ళు పెద్దదేమో. మొదటి పాఠంలో కాళ్ళూ చేతుల జోలికే పోలేదు. "మేడమ్, ఊపిరి పీల్చుకోవడం సంగతి తర్వాత. ముందు నీళ్ళలో వదలండి" అంది. ముఖం ముంచాక భయంతో అందరం ఊపిరి బిగబడతాం. తల పైకెత్తిన ఆ అరక్షణంలో వదలడం, పీల్చడం రెండూ చేయబోతాం. అందుకే ఉక్కిరిబిక్కిరి అవుతాం. నీళ్ళలో ఉండగానే ముక్కుతో బుడగలు వదిలేస్తే, తల పక్కకి తిప్పగానే గాలి దానంతట అదే లోపలికి వస్తుంది. ఒక కన్ను నీళ్ళలో, ఒక కన్ను బయట. నాకు అది పట్టుబడటానికి చాలాకాలం పట్టింది. పట్టుబడిన సాయంత్రం గట్టు పట్టుకుని అలా నవ్వుతూ నిలబడిపోయాను.

ఆ నీళ్ళలో నేను ఎవరి అమ్మనూ కాను, ఎవరి కూతుర్నీ కాను, ఎవరి జీతమూ నా సంతకం కోసం ఆగి లేదు. నేను మొదటి మెట్టు మీద ఉన్న విద్యార్థిని. బాధ్యతలు పెరుగుతున్న వయసులో మనం అన్నిచోట్లా తెలిసినవాళ్ళమే అయిపోతాం. మనల్నే అడుగుతారు, మనమే చెప్పాలి. ఏమీ తెలియని చోట కాసేపు ఉండటం ఎంత హాయో నాకు ఇప్పుడే తెలిసింది. అది ఈతే అవ్వాలని లేదు. సంగీతమో, కొత్త భాషో, సైకిలో ఏదైనా కావచ్చు. కాకపోతే ఉద్యోగానికి పనికొచ్చేది కాకుండా చూసుకోండి. డాక్టర్‌కి ఈత సంగతి చెబితే సంతోషించి, గుండెకీ కీళ్ళకీ మంచిదే కానీ ఎముకకి బరువు పడాలి, కుర్చీ వ్యాయామం మానొద్దు అన్నారు.

ఎంత సర్దుకున్నా అమ్మాయి వెళ్ళిన వెలితి పోలేదు. రాస్తే తేలికవుతుందంటారు. 1986లో జేమ్స్ పెన్నెబేకర్ చేసిన ప్రయోగంలో విద్యార్థులు వరసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు, మనసుని కలచివేసిన సంగతుల గురించి రాశారు. రాసిన వెంటనే దిగులు పెరిగినా, తర్వాతి నెలల్లో వాళ్ళు డాక్టర్ దగ్గరికి వెళ్ళడం తగ్గింది. నేనూ రాసి చూశాను. నాకు దానికన్నా మాట్లాడటమే నప్పింది. చిన్ననాటి స్నేహితురాలికి శనివారం ఫోన్ చేస్తాను. సలహాలు ఇచ్చుకోకూడదని ముందే అనుకున్నాం. మీకు రాయడం పనికొస్తే రాయండి. అయితే దిగులు, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకి పైగా రోజులో ఎక్కువ భాగం ఉంటే, అది రాతతోనో మాటతోనో పోయేది కాకపోవచ్చు, డాక్టర్‌కి చూపించుకోవాలి. ఈ వయసులో హార్మోన్ల మార్పుల వల్ల డిప్రెషన్ ముప్పు పెరుగుతుంది, ఇంతకుముందు ఒకసారి వచ్చినవాళ్ళకి మరీ. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఆ రోజే, ఆ గంటే, ఎవరో ఒకరికి చెప్పండి.

అన్నీ కుదిరాయని కాదు. అమ్మకి రాత్రిళ్ళు బాత్రూముకి తోడు కావాలి, ఆ పని ఇంకా నాదే. నెలాఖరులు ఇంకా అలాగే ఉన్నాయి. వచ్చే నెల తమ్ముడు సెలవు పెట్టి వచ్చి రెండు వారాలు అమ్మ దగ్గర ఉంటానన్నాడు. మా ఇద్దరినీ అమ్మాయి దగ్గరికి వెళ్ళి రమ్మన్నాడు. "అక్కా, అమ్మకి ఎప్పుడేం కావాలో ఒక లిస్టు రాసి పెట్టెయ్" అని అడిగాడు. నేను రాయనన్నాను. అమ్మ రాస్తోంది. ఇప్పటికి మూడు పేజీలయింది, మొదటి పేజీ అంతా తమ్ముడు ఏ టైముకి నిద్ర లేవాలన్న దాని గురించే.